పాత నవలల్లో ఇవాళ్టి సంగతులు మీకెక్కడ కనిపించాయి?

గోదారి కుర్రాడు: మా పెదనాన్న రిటైర్మెంట్ డబ్బంతా వాట్సాప్ షేర్ల గ్రూపులో పోయింది. మొదట కాస్త లాభం నిజంగానే ఖాతాలో వేశారు, ఆ నమ్మకంతో ఎఫ్‌డీలు కూడా తీసి కట్టేశారు. వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’ మళ్ళీ తీశాను. బంగారం చేసిస్తానన్న బైరాగి రాజశేఖరుడి ఇంట్లోని బంగారం, వెండి పట్టుకుని ఉడాయిస్తాడు. 1880 నాటి పుస్తకం! మీకే నవల గుర్తొచ్చింది? పిల్లల చేత ఇవి చదివించేదెలా?

శారద_వైజాగ్: ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారా? నాకైతే రావిశాస్త్రి ‘అల్పజీవి’. గుమస్తా సుబ్బయ్య ఇంటివాళ్ళ పోరు పడలేక కాంట్రాక్టర్ గవరయ్య దగ్గర అప్పు తెస్తాడు. ఇక ఆ గవరయ్య ఎదురుపడితే చాలు, గుండె దడ. మా సెక్షన్‌లో బిల్లుల దగ్గర అచ్చం అదే టెన్షన్ రోజూ చూస్తున్నాను.

పాతపుస్తకం: రాజశేఖర చరిత్ర మన కథ ఎలా అవుతుంది? గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’కి కాపీ.

తెలుగు లెక్చరర్: ఆ నవల ఏళ్ళ తరబడి పాఠం చెప్పినవాణ్ణి, నా మాట వినండి. గోల్డ్‌స్మిత్ ప్రభావం అందరికీ తెలిసిందే. కానీ అక్కడ పాదిరీ డబ్బు దాచుకున్న వ్యాపారి పారిపోతాడు. ఇక్కడ ధవళేశ్వరంలో భజనపరుల పొగడ్తలకి పొంగిపోయి రాజశేఖరుడే ఇల్లు గుల్ల చేసుకుంటాడు. ఆ పొగడ్తలు ఇంగ్లండు నుంచి దిగాయా?

పాతపుస్తకం: పండితుడు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి ఆ రోజుల్లోనే ఈ నవలని విమర్శించారు. ఆయనకంటే మీకెక్కువ తెలుసా?

తెలుగు లెక్చరర్: విమర్శ చదివారా, పేరు విన్నారా?

నల్లరేగడి: బైరాగి కోసం ఇంత రగడా? ‘మాలపల్లి’ ఎవరికీ గుర్తు రాలేదేం? కూలీల పక్షాన నిలిచిన మాల కుర్రాడు సంగదాసుని భూస్వామి చౌదరయ్య కొట్టి చంపుతాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన ఆ పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. పేరు అడిగి, ఊరు అడిగి, ఆఖరికి కులం తెలిశాక ‘ఇల్లు ఖాళీ లేదు’ అన్న ఓనర్లని నేను హైదరాబాద్‌లో చూశాను.

పాతపుస్తకం: ఇక్కడా కులమేనా?

నల్లరేగడి: ఇల్లు దొరక్క తిరిగింది నేను. మీరు కాదు.

శారద_వైజాగ్: నల్లరేగడి గారూ, నా దగ్గరున్న ‘మాలపల్లి’కి చివరి పేజీలు లేవు. పూర్తి ప్రతి ఎక్కడ దొరుకుతుంది?