అప్‌డేట్: థామస్ టెస్ట్‌లో ప్రతిసారీ వేరే ఫలితం, కారణం దొరికింది

థామస్ టెస్ట్ అంటే క్లయింట్‌ని బల్ల చివర వెల్లకిలా పడుకోబెట్టి, ఒక మోకాలిని ఛాతీ వైపు లాక్కోమని, వేలాడే రెండో కాలి తొడ బల్లకు ఆనుతుందో లేదో చూడడం; ఆనకపోతే తుంటి ముందు కండరాలు బిగుసుకున్నట్టు. ఒకే క్లయింట్‌కి ఈ టెస్ట్ చేస్తే ఒకరోజు తుంటి ముందు కండరాలు బిగుసుకున్నట్టు, మరోరోజు మామూలుగా ఉన్నట్టు వస్తోందని ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. నడుము బల్లకు ఆనిందో లేదో కింద చెయ్యి పెట్టి చూడమన్న సలహానే పనిచేసింది.

తెలిసిన ఫిజియోథెరపిస్ట్ ముందు మళ్లీ చేసి చూపించాను. తప్పు నా పద్ధతిలోనే ఉంది. క్లయింట్ అవతలి మోకాలిని ఛాతీ వైపు ఎంత లాక్కుంటున్నారో నేను గమనించలేదు. తక్కువ లాగితే నడుము వంపు తిరిగి బల్ల మీద నుంచి లేస్తుంది, బిగుతు ఉన్నా తొడ బల్లకు ఆనేస్తుంది. మరీ లాగితే కటి (పెల్విస్) వెనక్కి తిరిగి, బాగున్న తొడ కూడా పైకి లేస్తుంది. నడుము బల్లకు ఆనగానే ఆపేయాలి. ఇప్పుడు మూడుసార్లు చేసినా ఫలితం ఒకేలా వస్తోంది.

ఇంకో సంగతి. వేలాడుతున్న కాలి మోకాలిని చాపించగానే తొడ కిందికి దిగింది. అంటే ఆయనకు బిగుతు ఎక్కువగా రెక్టస్ ఫెమోరిస్‌లో (తుంటినీ మోకాలినీ దాటే తొడ ముందు కండరం) ఉంది, సోవాస్‌లో (నడుము నుంచి తొడ ఎముక దాకా వచ్చే, మోకాలిని దాటని కండరం) కాదు. ఇన్నాళ్లూ మోకాలు మడవని స్ట్రెచ్‌లే చేయించినందుకు బాధేసింది, వెంటనే మార్చాను.

బల్ల మెత్తదనం వల్లో, వార్మప్ వల్లో ఫలితం మారుతోందేమో అని పడ్డ టెన్షన్ అనవసరం. నా విషయంలో అవి కారణం కాదు.