అప్‌డేట్: హారర్ సీరియల్‌లో బొమ్మల సమస్య తీరింది

ఆన్‌లైన్‌లో నేను రాస్తున్న, ఎపిసోడ్‌కి నాలుగు గీసిన బొమ్మలున్న హారర్ సీరియల్‌ని పాఠకులు సగంలోనే ఎందుకు వదిలేస్తున్నారని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది బొమ్మల చోటు మార్చమన్న సలహా. ఫోన్‌లో పై పేరా చదువుతుండగానే కింది బొమ్మ అంచు కంటబడుతుంది, దాంతో కథలోని గుట్టు, మాటల్లో చెప్పకముందే బయటపడుతుంది. ఇప్పుడు గుట్టు విప్పే వాక్యం తర్వాత రెండు మూడు పేరాలు నడిపి, ఆపైనే బొమ్మ పెడుతున్నాను. బొమ్మలు రెండే: మొదట్లో స్థలం చూపేది ఒకటి, గుట్టు విప్పాక వచ్చేది ఒకటి. దెయ్యం ముఖం మాత్రం గీయించకండి, ఆ పని వచనానిదే. ఎపిసోడ్ చివర వాక్యమే ఉండాలి, బొమ్మ కాదు.

ముఖచిత్రం కూడా కారణమే. లేతరంగుల్లో జంట బొమ్మ చూసి ప్రేమకథ అనుకుని వచ్చినవాళ్లు మూడో ఎపిసోడ్‌కల్లా వెళ్లిపోయేవారు. చీకటి ఇల్లు పెట్టి, ట్యాగ్‌లలో హారర్‌ని ముందుకు తెచ్చాక అది ఆగింది.

కథలోని ఉత్తరాలు, చాట్‌లు బొమ్మలుగా కాక అక్షరాలుగానే ఇవ్వండి. బొమ్మలోని అక్షరాలు ఫాంట్ పెంచినా పెరగవు, చూపులేనివారికి తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాటిని సరిగా చదవలేకపోవచ్చు.

ఫాంట్ మార్చడం, ఎపిసోడ్ నిడివి తగ్గించడం వల్ల తేడా ఏమీ రాలేదు. బొమ్మల సైజు తగ్గిస్తే పేజీ త్వరగా తెరుచుకుంది కానీ, వదిలేసేవాళ్లు తగ్గలేదు.