క్లాసుల ఏడుగురు పిల్లలు వెనక కూసుంటున్నరు, నా తెలుగు వాళ్లకు అర్థమైతలేదు, ఏం చేయాలె?

కొత్త టీచరమ్మ:

అందరికీ నమస్తే. నేను 2024 డీఎస్సీల ఎస్జీటీగ (చిన్న తరగతుల టీచరుగ) సెలెక్ట్ అయిన, మాది సూర్యాపేట దిక్కు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడివిల ఉన్న ఒక ప్రైమరీ బడి వచ్చింది, ఊరి పేరు మండలం పేరు రాయను, దయచేసి అడగకండి. మొత్తం 31 మంది పిల్లలు, మేం ఇద్దరం టీచర్లం, పెద్దాయనే ఇంచార్జి హెచ్ఎం.

ఆ 31 మందిల ఏడుగురు వాగు అవతల గుంపు (చిన్న గూడెం) నుంచి వస్తరు. వాళ్ల అమ్మానాన్నలు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినోళ్లు, పిల్లలు మాత్రం ఇక్కడనే పుట్టిన్రు. ఇక్కడ అందరూ వాళ్లను గొత్తికోయలు అంటరు. నేను పోయేటప్పటికే ఆ ఏడుగురు వెనక గోడకు ఆనుకొని తలుపు పక్కన కూసుంటున్నరు, ఎవరన్న కూసోబెట్టిన్రా అంటే లేదు, అదే వాళ్ల జాగ అంటున్నరు. పెద్ద సార్ వాళ్లను పేరుతోని పిలువడు, "ఓ గొత్తీ" అంటడు. "వాళ్ల మీద టైం పెట్టకమ్మా, మిర్చి కోతలకు పోతరు, మళ్ల ఇప్పపువ్వుకు పోతరు, వాళ్లది మొద్దు బుర్ర" అని నాకు మొదటి వారంలనే చెప్పిండు. మనిషి చెడ్డోడు అని అనను, నాకు రూమ్ చూపిచ్చింది ఆయనే, జరమొస్తే బండి మీద పీహెచ్‌సీకి తీస్కపోయింది ఆయనే. కానీ ఈ విషయంల మాత్రం...

ఇద్దరు పిల్లలకు ఆధార్ లేదు, వాళ్ల పేర్లు ఆన్‌లైన్ల ఎక్కలేదు, రిజిస్టర్ల కూడ లేవు. గుడ్లు లెక్క ప్రకారమే వస్తయి కదా, అందుకని వంట చేసే అక్క ఆ ఇద్దరికి ఒక గుడ్డును రెండు ముక్కలు చేసి పెడుతది. రిజిస్టర్ల లేని పిల్లలకు పెడుతున్నది అంటే ఆమెకే దండం పెట్టాలె అసలు.

అసలు ఈ పోస్ట్ ఎందుకు పెడుతున్న అంటే, పోయిన వారం ఒక పిల్ల రెండో తరగతి, లెక్కలు చెప్తుంటె లేచి నిలబడి "ఏరు, ఏరు" అంటది. వానలు పడి వాగు పొంగుతున్న రోజులు, నేను భయపడి "ఏరు దగ్గరికి పోవద్దు, కూసో" అని గట్టిగ అన్న. మళ్ల లేచింది, మళ్ల అన్న. ఏడ్చింది. బడి ఇడిసినంక వంట అక్క (ఆమె కోయ) చెప్పింది, వాళ్ల భాషల ఏరు అంటె నీళ్లు అంట. ఆ పిల్ల పొద్దటిసంది దాహమైతుందని అడుగుతుంది. ఆ రోజు రాత్రి నాకు అన్నం తినబుద్ధి కాలే.

భాష రాని పిల్లలకు ఎట్ల చెప్పాలె, పెద్ద సార్‌తోని గొడవ పడకుంట వాళ్లను ముందుకు ఎట్ల తేవాలె. అనుభవం ఉన్నోళ్లు చెప్పండి ప్లీజ్. రూల్స్ పీడీఎఫ్‌లు పంపకండి, నాకు రేపు పొద్దుగాల తొమ్మిదింటికి క్లాసుల ఏం చేయాలో కావాలె.

గోదారి గట్టు:

మేడం మీ ఏరు కథ చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. నేను కోయ, మాది దుమ్ముగూడెం వైపు. ఒకటో తరగతిలో పంతులు "ఈ పలక ఎవరు పగలగొట్టార్రా" అంటే నేను నిజాయితీగా "నన్న" అన్నా. మా భాషలో నన్న అంటే నేను. ఆయన "నాన్న పగలగొట్టాడా?" అన్నాడు, నాకు ఏమీ అర్థం కాలేదు, పెద్దాయన అడుగుతున్నాడు కదా అని తలూపేశా. సాయంత్రం మా అయ్యని బడికి పిలిపించారు, పొలం నుంచి నాగలి వదిలేసి వచ్చాడు పాపం. మా ఇంట్లో ఇప్పటికీ ఏ వస్తువు పగిలినా "నన్న" అంటారు అందరూ కలిసి. ఇప్పుడు జోకే, అప్పుడు మాత్రం రెండు నెలలు బడికి వెళ్లలేదు నేను.

మా భాష తెలుగుకి దగ్గరది అనుకుంటారు, అదే అసలు చిక్కు. పూర్తిగా వేరే మాట అయితే "ఏంటిది" అని అడుగుతారు. ఏరు, నన్న లాంటివి తెలుగు మాటల్లాగే వినపడతాయి కాబట్టి ఎవరూ అడగరు, పిల్లాడు తప్పు చెప్పాడు అనేస్తారు. లోను అంటే మాకు ఇల్లు, నారు అంటే ఊరు. "నీ నారు ఎక్కడ" అని మా వాడు మిమ్మల్ని అడిగితే మీరు వరి నారు చూపిస్తారు 😀

ఇంకోటి, కోపం తెచ్చుకోకండి. గొత్తికోయ అనేది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు. మురియా అనో కోయితోర్ అనో అంటారు వాళ్లు, దోర్లలు కూడా ఉంటారు. 2005లో అక్కడ సల్వాజుడుం (ప్రభుత్వం అండతో మావోయిస్టుల మీదికి దిగిన దళాలు) మొదలయ్యాక ఇటు మావోయిస్టులు అటు ఆ దళాలు, మధ్యలో ఊళ్లు తగలబడి గోదారి ఇవతలకి వచ్చేశారు చాలామంది. సుప్రీంకోర్టు 2011లో ఆ సల్వాజుడుం కోసం గిరిజన కుర్రాళ్ల చేతికి తుపాకులివ్వడం చెల్లదంది, కానీ వచ్చినవాళ్లు ఎక్కడికని వెళ్తారు తిరిగి. అక్కడ ఎస్టీలు, ఇక్కడ కాదు. ఎస్టీ జాబితా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది కదా, వాగు దాటితే కులం మారిపోయినట్టు అన్నమాట. సర్టిఫికెట్ లేకపోతే పై చదువులో రిజర్వేషన్ సీటు లేదు స్కాలర్‌షిప్ లేదు. మా కోయవాళ్లు కూడా వాళ్లని తక్కువగానే చూస్తారు, దాచడం ఎందుకు. పోడు భూమి పోతుందేమో అని భయం. మా మేనమామే అంటాడు "అడివి నరికేది వాళ్లు, ఫారెస్టోళ్ల కేసులు మనకి" అని. కాబట్టి మీ పెద్ద సార్ ఒక్కడిదే కాదు తప్పు.

రిటైర్డ్ పంతులు, ఉట్నూరు:

అమ్మా, నేను 33 ఏండ్లు పని చేసిన, అందులో ఎక్కువ భాగం గోండు, కొలాం గూడేలల్లనే. నువ్వు పడుతున్న బాధ కొత్తది కాదు. మా దగ్గర మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దొర (గోండుల మీద పరిశోధన చేసిన ఆస్ట్రియా ఆయన) 1943లనే గోండు పిలగాండ్లకు గోండు పంతుళ్లే చెప్పాలె అని ట్రైనింగ్ సెంటర్ పెట్టిచ్చిండు, గోండీల వాచకాలు రాపిచ్చిండు. నిజాం కాలం సంగతి అది. 80 ఏండ్లు దాటినయి, మనం ఇంకా అదే ప్రశ్న అడుగుతున్నం.

ఉమ్మడి రాష్ట్రంల 2004ల మళ్ల మొదలుపెట్టిన్రు, బహుభాషా విద్య అని. ఎనిమిది భాషలు, కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా. 240 బడులల్ల. తెలుగు లిపిలనే వాళ్ల భాష రాసి పుస్తకాలు ఇచ్చిన్రు. ఒకటో తరగతిల అంత ఇంటి భాషలనే, తర్వాత మెల్లమెల్లగ తెలుగు కలుపుకుంట పోవుడు. నేను చెప్పిన బడిల మొదటి ఏడాది నేను చూసింది ఏందంటే, మాట్లాడని పిలగాండ్లు మాట్లాడుడు మొదలుపెట్టిన్రు, అంత మాట్లాడిన్రు అంటే క్లాసు ఆపుడు కష్టమైంది. మొద్దు బుర్ర అన్నోళ్లే కొలామిల పొడుపు కథలు ఇడుస్తున్నరు నా మీద. తర్వాత ఏమైంది, భాష వచ్చిన పంతులు ట్రాన్స్‌ఫర్ అయిండు, భాష రాని ఆయన వచ్చిండు, పుస్తకాలు అల్మారల వడ్డయి. మా దగ్గర సంగతి చెప్తున్న, అంతట ఇట్లనే అయిందని కాదు.

రేపు తొమ్మిదింటికి ఏం చేయాలె అన్నవు కదా. ఒక నోటుబుక్కు తీసుకొని నువ్వే వాళ్ల దగ్గర కూసో. బొమ్మ చూపిచ్చి దీన్ని మీ ఇంట్ల ఏమంటరు అని అడుగు, వాళ్లు చెప్పింది చెప్పినట్టు తెలుగు అక్షరాలల్ల రాసుకో, తప్పు పలుకు, నవ్వనియ్యి. టీచరు తప్పు పలుకుతది అని పిలగాండ్లకు తెలిస్తే సగం భయం పోతది. నీళ్లు, ఆకలి, కడుపునొప్పి, బయటికి పోవాలె, కొట్టిండు, ఇంటికి పోత... ఈ మాటలు ముందు, అఆలు తర్వాత. వాళ్లల్ల నాలుగో తరగతి పిల్ల ఎవరన్న ఉంటే రెండు భాషలు వస్తయి ఆమెకు, ఆమెను నీ పక్కన వెట్టుకో. కానీ రోజంత ఆ పిల్లతోటే పని చేపిచ్చుకోకు, దాని చదువు పోతది, నేను చేసిన తప్పు అది.

హెచ్ఎంతోని వాదన వెట్టుకోకు. ఉక్కపోస్తుంది అని చెప్పి పిలగాండ్లందర్ని గుండ్రంగ కూసోబెట్టు. గుండ్రంగ కూసుంటే వెనక వరస అనేది ఉండదు.

ర్యాంకర్ 07:

అందరూ ఎమోషనల్ అవుతున్నారు కానీ ప్రాక్టికల్‌గా ఆలోచించండి. ఆ పిల్లలకి కోయ భాషలో పాఠాలు చెప్తే రేపు ఉద్యోగం ఎవరిస్తారు? తెలంగాణలో 2022 నుంచి గవర్నమెంట్ బడులు ఇంగ్లీష్ మీడియం అయ్యాయి, పేరెంట్స్ అడిగేది కూడా అదే. ఇంటి భాష ఇంట్లో ఎలాగూ నేర్చుకుంటారు. బడిలో కూడా అదే పెడితే వాళ్లని అడివిలోనే ఉంచేసినట్టు కాదా? మన పిల్లల్ని మాత్రం రెండున్నరేళ్లకే ఇంగ్లీష్ ప్లేస్కూల్లో వేస్తాం, వాళ్లకి మాత్రం మాతృభాష అంటాం.

గోదారి గట్టు:

ఆఖరి లైన్ కరెక్టే, ఒప్పుకుంటా. కానీ ఇంగ్లీష్ వద్దు అని ఎవరన్నారు బ్రో ఇక్కడ? ఇంగ్లీష్‌కి ఎక్కాలన్నా మెట్టు కావాలి. ఇప్పుడు పుస్తకం చూడు, ఒక పేజీ ఇంగ్లీషు పక్క పేజీ తెలుగు, తెలుగు పిల్లాడికి ఆ పక్క పేజీ ఆసరా. ఆ పిల్లకి రెండు పేజీలూ ఒకటే. నీళ్లు అడగడం రాని చోట వాటర్ అని ఎలా నేర్పిస్తావ్?

ఇంకోటి చెప్పాలి, మేడం గురించి కాదు, ముందే చెప్తున్నా. ఏజెన్సీలో (గిరిజన ప్రాంతాల్లో) టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అని 2000లో జీఓ 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 100 శాతం రిజర్వేషన్ చెల్లదని. కోర్టు లెక్క కోర్టుది. కానీ ఆ జీఓలో చేరిన మా బాబాయి లాంటి పంతుళ్లు ఉన్న బడిలో "ఏరు" అంటే నీళ్లిచ్చేవాళ్లు, అంతే నేను చెప్పేది.

కొత్త టీచరమ్మ:

నా గురించి కాదు అన్నరు గానీ నా గురించే అది 🙂 నిజమే కదా, మీ బాబాయి అసొంటోళ్లు ఉంటే నేను ఈ పోస్టు రాసే పనే ఉండకపోవు. నేను కూడ నాలుగేండ్లు రూముల కూసొని చదివి వచ్చిన, వదిలిపెట్టిపోలేను. నేర్చుకుంట.

విశాఖ వకీలు:

పీడీఎఫ్ పంపనండి, నాలుగు ముక్కలు చెప్తాను, ఆ రిజిస్టర్ విషయం చూసి ఊరుకోలేకపోతున్నాను. విద్యాహక్కు చట్టం 2009లో సెక్షన్ 14, వయసు రుజువు కాగితం లేదని బడిలో చేర్చుకోను అనకూడదు. సెక్షన్ 5, టీసీ రాలేదని ఆపకూడదు. ఆధార్ సంగతి, 2018 సెప్టెంబరు తీర్పులో సుప్రీంకోర్టు బడి అడ్మిషన్‌కి ఆధార్ తప్పనిసరి కాదని చెప్పేసింది. అంటే ఆ ఇద్దరు పిల్లల పేర్లు అడ్మిషన్ రిజిస్టర్లో రేపే రాయొచ్చు. ఆన్‌లైన్ ఎంట్రీ తర్వాత గొడవ, పెన్నుతో రాయడానికి సర్వర్ అక్కర్లేదు కదండి.

వెనక కూర్చోబెట్టడం, "గొత్తీ" అని పిలవడం, ఇవి సెక్షన్ 8, 17 కిందికి వస్తాయి, వివక్ష చూపకూడదు, మానసికంగా వేధించకూడదు అని. కానీ మీరు కంప్లయింట్ పెడితే రేపు మీరిద్దరే ఆ బడిలో మొహాలు చూసుకోవాలి. నేనైతే ముందు రిజిస్టర్ పని చేయిస్తా. మాది చింతూరు వైపు పరిచయాలున్న కుటుంబం, అక్కడా ఇదే కథ, నది ఒడ్డు మారింది అంతే.

ర్యాంకర్ 07:

ఓకే, రిజిస్టర్ పాయింట్ నాకు తెలియదు. పేరే లేకపోతే ఏ మీడియం అయినా ఒకటే.

కొత్త టీచరమ్మ:

మూడు వారాల తర్వాత అప్‌డేట్ పెడుతున్న, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కిన.

పేర్లు రిజిస్టర్ల ఎక్కినయి. నేను చట్టం ఏం మాట్లాడలే, "సార్, రేపు ఎవరన్న తనిఖీకి వచ్చి లెక్కపెడితే పిల్లలు ఎక్కువున్నరు పేర్లు తక్కువున్నయి, మనకే ఇబ్బంది" అన్న, ఆయనే రాసిండు. ఆన్‌లైన్ ఇంకా కాలేదు. గుడ్డు మాత్రం ఇద్దరికి చెరొకటి వస్తుంది, ఒక్కొక్కసారి ఆ ఎక్కువ గుడ్లు పెద్ద సారే సంతనుంచి తెస్తుండు, నాకు చెప్పలే, వంట అక్క చెప్పింది. పేరుతోని మాత్రం ఇంకా పిలుస్తలేడు.

గుండ్రంగ కూసోబెట్టిన. రెండు రోజులకు ఊర్లకెళ్లి ఒక తండ్రి వచ్చిండు, మా పిల్లగాడు వాళ్ల పక్కన కూసోడు, గజ్జి వస్తది అని. ఏం చెప్పాల్నో తెల్వక అందరికి సబ్బుతోని చేతులు కడిగిచ్చుడు మొదలువెట్టిన, ఆయన పిల్లగానితోని మొదలు. మళ్ల రాలేదు, కానీ ఆ పిల్లగాడు రెండు రోజులు బడికి రాలే. ఇది తెగలేదు ఇంకా.

నోటుబుక్కుల 64 మాటలు అయినయి. దాంట్ల కొన్ని వంట అక్క చెప్పే కోయ వేరు, పిల్లలు చెప్పేది వేరు, ఏది రాయాలె? రిటైర్డ్ సార్, మీ దగ్గర ఆ పాత పుస్తకాలు ఏమన్న ఉన్నయా?

రిటైర్డ్ పంతులు, ఉట్నూరు:

పిలగాండ్లు చెప్పిందే రాయి. రెండు రాసినా మంచిదే, పక్క పక్కన.

పుస్తకాలు గోండివి రెండు, కొలామిది ఒకటి ఉన్నయి, కోయది లేదు. సగం మాటలు మీ దిక్కు నడువయి. మనవనితోని ఫోటోలు తీపిచ్చి పంపుత. గోండి రెండో పుస్తకం మొదటి పదకొండు పేజీలు చెదలు తిన్నది, బొమ్మలు కనవడయి.

గోదారి గట్టు:

పంపండి సార్, మాకు నడిచేవి ఏవో నేను చూసి పెన్సిల్‌తో టిక్ పెట్టి మేడంకి ఇస్తా. మురియా మాటలకి మాత్రం వాళ్ల గుంపులో ముసలావిడ ఎవరినైనా అడగాలి మేడం, ఆదివారం వెళ్లండి, సంత రోజు వెళ్తే ఎవరూ ఉండరు.