సమస్యాపూరణం: ఎలుకఁ జేతఁ బట్టి యేలెఁ గోట

నిర్వాహకుడు, నల్లగొండ:

ఈ వారం సమస్య, అంటే మీరు ముందు మూడు పాదాలు రాసి పద్యంగా పూర్తి చేయాల్సిన చివరి పాదం, మా ఇంట్లోనే దొరికింది. మావాడు డిగ్రీ రెండో సంవత్సరం, సెలవులకు వచ్చాడు. రాత్రి పన్నెండున్నరకు మంచినీళ్లకని లేస్తే వాడి గదిలో లైటు వెలుగుతోంది. తొంగి చూస్తే కంప్యూటర్ ఆట, తెర మీద ఊరు, పొలాలు, గొర్రెలు, కొండ పక్కన రాళ్లు కొడుతున్న నలుగురు కూలీలు. "పడుకోరా" అన్నాను. "ఆగు నాన్నా, 600 రాయి వచ్చింది, ఇంకో 50 వస్తే కోట లేస్తది" అన్నాడు. నా వైపు తిరగలేదు, మౌస్ మీద చెయ్యి తియ్యలేదు. అక్కడే నిలబడి ఆ 50 రాళ్లు వచ్చేదాకా నేనూ చూశానని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నా.

పడుకున్నాక పాదం దానంతటదే వచ్చింది:

ఎలుకఁ జేతఁ బట్టి యేలెఁ గోట

ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు). యతి, అంటే మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాల పొందిక, ఎ–యే. మౌస్ అనే అర్థంలోనే పూరించాలని నియమం లేదు. అరసున్నలు పెట్టకపోయినా, 'చేత'ను 'జేత' చేసినట్టు సరళాలు చేయకపోయినా ఫరవాలేదు. గణం, యతి మాత్రం తప్పకూడదు. ఆదివారం రాత్రి దాకా గడువు.

కోట కాపరి, దేవరకొండ (ప్రస్తుతం హైదరాబాద్):

సార్, నా కోసమే ఇచ్చినట్టుంది. మొదటి పూరణ నాదే.

కట్టె రాయి కూడు కరువు లేకుండఁగ
మీట నొక్కి నొక్కి మేడఁ గట్టి
తెల్లవారుదాఁక తెరముందు కూర్చుండి
ఎలుకఁ జేతఁ బట్టి యేలెఁ గోట

పెద్దసార్, దేవరకొండ:

ధార బాగుంది తమ్మీ. రెండు మాటలు. 'కూర్చుండి' క్త్వార్థకం ('చేసి', 'వచ్చి' లాంటి అసమాపక క్రియ), దాని ఇకారానికి సంధి లేదు. తర్వాత అచ్చు వస్తే యడాగమం చేయాలి, 'యెలుకఁ' అను. అది చిన్న విషయం. అసలు సంగతి ఏమంటే, నీ పద్యంలో కట్టింది ఎవరు, నొక్కింది ఎవరు, ఏలింది ఎవరు? నాలుగు పాదాలు వెతికినా మనిషి కనపడలేదు. కర్త లేని కోట.

ఇంకొకటి, మొదటి పాదంలో కట్టె, రాయి, కూడు ఎందుకు వచ్చాయో నాకు అర్థం కాలేదు. ఆట ఆడనివాడికి చెప్పు.

కోట కాపరి:

కర్తను మరిచిపోయిన సార్. మూడో పాదం మారుస్తున్నా:

తెల్లవారుదాఁక తెరముందు బావయ్య
యెలుకఁ జేతఁ బట్టి యేలెఁ గోట

ఇక ఆట సంగతి. ఇది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం, 1999లో వచ్చింది. 2019లో బొమ్మలు మెరుగు చేసి మళ్లీ విడుదల చేశారు. మామూలు ఆటలో మొదట మనకు ఉండేది ఒక ఊరి నడిబొడ్డు కట్టడం, ముగ్గురు పనివాళ్లు, దారి వెతికే ఒక గుర్రపు రౌతు. అంతే. ఇంకో పనివాడు కావాలంటే 50 కూడు. మొదటి యుగం దాటాలంటే 500 కూడు. కోట కట్టే యుగానికి రావాలంటే 800 కూడు, 200 బంగారం. అప్పటికి గానీ కోటకు కావలసిన 650 రాయి గురించి ఆలోచించలేం. కొత్తగా ఆడేవాడు ఎంతసేపూ సైన్యం, సైన్యం అంటాడు. కూడు అయిపోయి ఓడిపోతాడు. నేను నల్లగొండలో గంటకు ఇంత అని ఇచ్చి నెట్ సెంటర్‌లో ఆడిన రోజుల్లో నెల రోజులు అట్లనే ఓడిన.

పెద్దసార్:

బావయ్య వచ్చాడు, పద్యానికి ప్రాణం వచ్చింది. అంటే కూడు సర్దుకున్నవాడే కోట కట్టాలి. అట్లయితే మొదటి పాదమే నీ పద్యానికి పునాది.

విద్వద్గద్వాల:

మౌస్, కంప్యూటర్ అందరూ రాస్తారు. నేను పాత దారిలో పోతా.

అమ్మ యాన వినుచు నంతఃపురముఁ గాచి
గణములెల్లఁ బాఱఁ గజముఖుండు
తొండ మెత్తి శత్రుతోరణంబులఁ గూల్చి
యెలుకఁ జేతఁ బట్టి యేలెఁ గోట

నిర్వాహకుడు:

సమస్యలో ఎలుక కనపడగానే ఎవరో ఒకరు వినాయకుడిని దించుతారని అనుకుంటూనే ఉన్నా. గద్వాల సంస్థానం ఊరికే విద్వద్గద్వాల అనిపించుకోలేదు కదా. పద్యం నడక బ్రహ్మాండం. 'తొండమెత్తి శత్రుతోరణంబులఁ గూల్చి' అన్న పాదం రెండుసార్లు పైకి చదివాను.

పాలమూరు పిల్లోడు:

పెద్దలు కోపం తెచ్చుకోవద్దు, ఒక డౌటు. అమ్మ ఆజ్ఞతో గుమ్మం దగ్గర కాపలా ఉన్నప్పుడు ఆయనకు ఏనుగు తల లేదు కదా? శివుడు తల నరికిన తర్వాతే గజముఖుడు. ఎలుక వాహనం అయింది ఇంకా తర్వాత. మరి మొదటి రెండు పాదాల్లో గజముఖుడు ఎట్ల వచ్చాడు?

విద్వద్గద్వాల:

దొరికిపోయాను. రెండు కథలు ఒక కుండలో వండాను. 'గజముఖుండు' తీసేస్తే యతి పోతుంది, ఉంచితే పురాణం పోతుంది. ఒక్క రోజు టైమ్ ఇవ్వండి.

(రెండు రోజులైంది. ఇంకా రాలేదు. నిర్వాహకుడు)

పాలమూరు పిల్లోడు:

నా పూరణ. తప్పులుంటే కొట్టండి.

పాము పంది కూడి పైఁబడఁ దోడేలు
వెనుక గోడ దూకి వీరుఁ డొకఁడు
బలము లేని వానిఁ బట్టెద ననుకొని
యెలుకఁ జేతఁ బట్టి యేలెఁ గోట

మిర్యాలగూడ అక్క:

ఛందస్సు సరే తమ్మీ, ఇదేం జంతుప్రదర్శనశాల?

పాలమూరు పిల్లోడు:

స్ట్రాంగ్‌హోల్డ్ క్రూసేడర్ అక్కా, 2002 నాటి ఆట. అందులో కంప్యూటర్ ఆడించే శత్రు ప్రభువుల పేర్లే ఇవి: ర్యాట్, స్నేక్, పిగ్, ఉల్ఫ్. ఎలుక దొర అందరికంటే పిరికి, కోట కూడా అంతంత మాత్రం. అందుకే తెలివైనవాడు ముందు అతని మీద పడి ఆ జాగా పట్టుకుంటాడు. తోడేలు జోలికి మొదట్లోనే పోతే పని అయిపోయినట్టే.

ఇది ఎడారిలో ఆడే ఆట. పచ్చగడ్డి ఉన్న చోట తప్ప పొలం వేయనివ్వదు. ఆ పచ్చిక తునక కోసమే సగం కొట్లాట. మా తాత చెలక పక్కన ఒక్క బావి నీళ్ల కోసం రెండిళ్లు ఇరవై ఏళ్లు మాట్లాడుకోలేదు. నాకు ఈ ఆట ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

పెద్దసార్:

'వెనుక గోడ దూకి వీరుఁ డొకఁడు' మంచి పాదం. కానీ నాకొక పేచీ ఉంది. కింద నువ్వు వివరణ రాయకపోతే ఈ పద్యం ఎవరికి తెలుస్తుంది? పద్యం తన కాళ్ల మీద తాను నిలబడాలి.

విద్వద్గద్వాల:

నిలబడుతుంది సార్. ఆట పక్కన పెట్టి పంచతంత్రం కథ అనుకుని చదవండి. పాము, పంది, తోడేలు కలిసి వస్తే బలహీనుడైన ఎలుకను చేతిలో పెట్టుకుని గద్దె ఎక్కిన ఒక గడుసువాడి కథ. మిత్రభేదంలో కలిపేయొచ్చు.

పెద్దసార్:

అట్లా చదివితే నిలబడుతుంది. పేచీ వాపసు.

కొత్త సభ్యుడు, సూర్యాపేట:

మొదటిసారి రాస్తున్నా. టెన్షన్‌గా ఉంది.

గొఱ్ఱెఁ గోసి పిదప గొడ్డలిఁ జేపట్టి
బాణాలు వేసి బురుజు గట్టి
చదువు మాని మిత్రజనముతోఁ దమ్ముఁడే
యెలుకఁ జేతఁ బట్టి యేలెఁ గోట

నిర్వాహకుడు:

స్వాగతం. మొదటి పాదం చూసి మావాడు గట్టిగా నవ్వాడు, ఆట మొదలైన మొదటి నిమిషాల్లో చేసే పని సరిగ్గా అదేనట. చిక్కంతా రెండో పాదంలో. 'బాణాలు' అంటే గురువు, గురువు, లఘువు. అది తగణం, ఇంద్రగణాల్లోది. ఇక్కడ సూర్యగణాలే రావాలి. ఇంకోటి, బా–బు యతి కుదరదు. హల్లు ఒకటే అయినా ఆకారానికి ఉకారంతో మైత్రి లేదు. ఇట్లా చూడండి:

బాణవృష్టిఁ గురిసి బంట్లఁ గూల్చి

ఇప్పుడు బా–బం సరిపోయింది. బురుజు పోయింది, ఏం చేస్తాం. మూడో పాదంలో చ–జ యతి, చివర 'తమ్ముఁడే' అని ఏకారం పెట్టి ఉత్వసంధి (తమ్ముఁడు + ఎలుక = తమ్ముఁడెలుక) తప్పించుకోవడం, రెండూ చేయి తిరిగిన పని. కావాలని చేశారా, అట్లా పడిందా?

కొత్త సభ్యుడు:

అట్లా పడింది సార్.

పెద్దసార్, దేవరకొండ:

నా పూరణ కూడా పెడుతున్నా. ముందొక ముచ్చట. మా ఊరి పేరు ఆటవెలదిలో ఇమడ్చడం ఒక శిక్ష. రాచకొండ, నల్లగొండ, పాలమూరు, మూడూ రెండేసి గలాలు (గురువు, లఘువు జంటలు), ఎక్కడ పెట్టినా ఒదుగుతాయి. దేవరకొండ అట్లా కాదు. పాదం మొదట్లో పెడితే 'దేవ' తర్వాత 'రకొండ' లఘువుతో మొదలై గురువెక్కుతుంది. బేసి పాదం చివర, ఇంద్రగణాల చోట తప్ప కూర్చోదు. కొండ మీది కోట కదా, అంత సులువుగా లొంగదు.

తీరి కూరుచుండి దేవరకొండలో
కండ్ల యెదుటి గోడఁ గనని వాఁడు
పరుల దుర్గమెల్లఁ బదిసార్లు గెలుచుచు
నెలుకఁ జేతఁ బట్టి యేలెఁ గోట

ఇది మా మనుమడి మీద. మా డాబా ఎక్కితే రేచర్ల పద్మనాయకుల నాటి కోటగోడ కనపడుతుంది. వాడు వచ్చిన పది రోజుల్లో ఒక్కసారి పైకి రాలేదు. తెర మీద మాత్రం ఏదో దేశపు కోట గోడను రాళ్లు విసిరే యంత్రంతో పగలగొడుతుంటాడు.

నిర్వాహకుడు:

తీ–దే యతి! 'తీరి కూర్చుని' అన్న మాటను ఇంత అందంగా వాడటం ఈ మధ్య చూడలేదు. విమర్శించడానికి నాకేమీ దొరకలేదు. దొరికినవాళ్లు రాయండి.

కోట కాపరి:

పద్యంలో తప్పు లేదు గానీ, మనుమడి తరఫున నేను వాదిస్తా సార్. ఈ ఆటలు ఆడినందుకే నాకు రాచకొండ చూడాలనిపించింది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి అంత గోడ ఎట్లా లేపారు? ఆటలో 650 రాయి కోసం పడ్డ పాట్లు గుర్తొచ్చి ఒక్కో బండ దగ్గర ఆగి చూసిన. స్ట్రాంగ్‌హోల్డ్‌లో అయితే గని దగ్గర ఎద్దును కట్టకపోతే కొట్టిన రాయి అక్కడే కుప్పపడి ఉంటది, కోటకు రాదు. రాచకొండ గుట్ట ఎక్కుతుంటే నాకు ఎద్దులే యాదికొచ్చినయి.

భువనగిరి కోటను ఆటలో కడదామని కూడా చూసిన. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో మన సొంత మ్యాప్ గీసుకోవచ్చు. కానీ అందులో కొండచరియ మీద గోడ కట్టనివ్వదు. భువనగిరి అంతా ఒకే బండ. చాళుక్య ఆరో విక్రమాదిత్యుడు అక్కడ చేసిన పని నాతో కాలేదు.

పాలమూరు పిల్లోడు:

మా పానగల్ కోట కథ వినండి. 1417 ప్రాంతంలో ఫిరోజ్ షా బహమనీ దాన్ని ముట్టడించి దాదాపు రెండేళ్లు కూర్చున్నాడు. కోట లొంగలేదు. అతని దండులోనే రోగం పుట్టి, చివరికి విజయనగరం చేతిలో ఓడిపోయాడు. ముట్టడి వేసినవాడికే కూడు, నీళ్లు, ఆరోగ్యం ముందు కావాలి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ఆ రోగం పెట్టలేదు.

నిర్వాహకుడు:

ఆ పానగల్లు మా నల్లగొండ పానగల్లు అని రాసినవాళ్లూ ఉన్నారు తమ్మీ.

పాలమూరు పిల్లోడు:

సార్, కొండ మీద కోట ఉన్నది మా దగ్గర. మీ పానగల్లులో ఉన్నది ఛాయా సోమేశ్వరాలయం.

విద్వద్గద్వాల:

ఇద్దరూ ఆపండి. పద్యంలో 'పానగల్లు' రెండు గలాలు, ఎవరిదైనా సరిపోతుంది.

మిర్యాలగూడ అక్క:

మగవాళ్లంతా కోటలు గెలిచారు. ఇప్పుడు నా పద్యం చదవండి.

బొక్క లేసి యెలుక బువ్వకుండలఁ జేర
వినఁడు వినఁడు నాదు వెతల మగఁడు
బోను తెచ్చి నేను బొక్కకాడ నిలువ
నెలుకఁ జేతఁ బట్టి యేలెఁ గోట

కల్పన ఏమీ లేదు. పోయిన మంగళవారం రాత్రి పదకొండు. గ్యాస్ బండ వెనక ఎలుక. నేను ఒక చేతిలో బోను, ఒక చేతిలో కొబ్బరిముక్క పట్టుకుని పిలుస్తున్నా. లోపలి నుంచి జవాబు: "ఒక్క నిమిషం, గోడ పడిపోతోంది."

పెద్దసార్:

అమ్మా, ఈ వారానికి ఇదే. ఎలుకకు రెండు అర్థాలుంటే మేమంతా ఒకటి ఏరుకున్నాం. నువ్వు రెండింటినీ ఒకే ఇంట్లో పెట్టావు. వంటింట్లో ఒక ఎలుక, గదిలో ఒక ఎలుక. 'వినఁడు వినఁడు' అని రెండుసార్లు అనడంలో విసుగు వినపడుతోంది. ఒక్క అభ్యంతరం చెబుతా, 'లేసి', 'కాడ' వ్యావహారికం. 'బొక్క' రెండుసార్లు పడింది.

మిర్యాలగూడ అక్క:

ఎలుక కూడా రెండు బొక్కలే చేసింది సార్. ఇక 'కాడ' తీసి 'చెంత' పెట్టమంటారా? బొక్క చెంత నిలబడితే ఎలుక నన్ను చూసి నవ్వుతుంది.

విద్వద్గద్వాల:

'కాడ' ఉండాల్సిందే. నా ఓటు అక్కకే. నా గజముఖుడిని వెనక్కి తీసుకుంటున్నా, ఎలుకతో సహా.

అర్ధరాత్రి సుల్తాన్, మిర్యాలగూడ:

ఈ గుంపులో రెండేళ్ల నుంచి ఉన్నా, ఎప్పుడూ రాయలేదు. నా మీద పద్యం వచ్చిందని ఆఫీసులో చూపించారు. రాయక తప్పలేదు.

ఇల్లె రాజ్యమంచు నిల్లాలె దొర యంచు
నిన్న రాత్రి మీట నేలఁబెట్టి
వంటయింట నక్కి వలవేసి యీ దాసుఁ
డెలుకఁ జేతఁ బట్టి యేలెఁ గోట

నిర్వాహకుడు:

రెండేళ్లు ఊరుకున్నవాడి చేతిలో ఇంత పద్యమా! 'దాసుఁ / డెలుకఁ' అని పాదం విరిచి సంధి నిలబెట్టారు. యతికి ఎకారం అట్లాగే ఉంది కాబట్టి దోషం లేదు. 'ఏలె' అంటే రాజ్యం చేయడమే కాదు, కాపాడటం కూడా. ఆ అర్థం పట్టుకున్నది మీరొక్కరే. అక్కతో పాటు మీకూ ఈ వారం మొదటి స్థానం.

మిర్యాలగూడ అక్క:

నిర్వాహకుల వారు తొందరపడకండి. చేత పట్టలేదు, వల వేయలేదు. చీపురు విసిరారు. ఎలుక ఫ్రిజ్ కిందికి పోయింది, ఇప్పటికీ అక్కడే ఉంది.