జాన్ నోక్స్ నెల్సన్ స్తంభం ఎక్కిన క్లిప్: తలచుకోవాల్సింది అదేనా?

లండన్_సీత:
బీబీసీ పిల్లల కార్యక్రమం ‘బ్లూ పీటర్’ వ్యాఖ్యాత జాన్ నోక్స్ 2017 మే 28న, 83 ఏళ్ల వయసులో స్పెయిన్ దీవి మయోర్కాలో పోయారు. 1965 డిసెంబరు చివర్లో చేరి 1978 జూన్‌లో మానేశారు. పన్నెండున్నరేళ్లు. ఆ కార్యక్రమంలో అన్నేళ్లు చేసినవాళ్లు ఇప్పటికీ ఇంకొకరు లేరు. అయినా ఆయన పేరెత్తగానే అందరూ పంచుకునేది ఒకటే క్లిప్: 1977లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని, పైన నౌకాదళాధిపతి నెల్సన్ విగ్రహం ఉండే నెల్సన్ స్తంభాన్ని నిచ్చెనల మీద, ఒంటికి తాడన్నది లేకుండా ఎక్కడం. కింద “అప్పటి మనుషులే వేరు” అని వంద కామెంట్లు. ఇది మెచ్చుకోవాల్సిన సంగతా, తప్పు పట్టాల్సిన సంగతా?

లైవ్‌ఫీడ్:
మెచ్చుకోవాల్సిందే, అనుమానమే లేదు. టీవీలో పిల్లలకు అంత నిజాయితీగా భయాన్ని చూపించినవాడు ఇంకొకడు లేడు. సూపర్‌మ్యాన్ వేషాలు లేవు. చేతులు బిగుసుకుపోవడం, ఆయాసం, అన్నీ కనిపిస్తాయి. పైగా వెళ్లిన పని చూడండి, పావురాల రెట్టలు కడగడం! స్తంభం శుభ్రం చేసే పనివాళ్లు రోజూ ఏం చేస్తారో చూపించాడు.

కొలతల_కామయ్య:
185 అడుగులు ఎక్కాడని చాలాచోట్ల రాస్తున్నారు. తప్పు. 2006లో మరమ్మతులప్పుడు లేజర్‌తో కొలిస్తే విగ్రహంతో కలిపి 169 అడుగుల 3 అంగుళాలు తేలింది. అంటే 51.6 మీటర్లు.

పరంజా_రాజు:
లైవ్‌ఫీడ్ తమ్ముడూ, ఆ క్లిప్‌ను ఒకసారి సౌండ్ కట్టేసి చూడు. నిచ్చెనల మీదే దృష్టి పెట్టు.

ఇటుక చిమ్నీ అయితే ఎత్తు పనివాళ్లు సున్నం సందుల్లో ఇనుప కొక్కేలు కొట్టి, వాటికి నిచ్చెన కట్టుకుంటూ పైకి పోతారు. ఇది నిలువు గాడులు చెక్కిన గ్రానైట్ కాండం, పైగా జాతీయ స్మారకం. అందుకని నిచ్చెనలను తాళ్లతో స్తంభానికే కట్టాలి. తాడు బిగించినకొద్దీ నిచ్చెన రాతికి అతుక్కుంటుంది. మెట్టుకూ రాతికీ మధ్య జానెడు ఖాళీ లేకపోతే పాదం లోపలికి పోదు, మునివేళ్ల మీదే నిలబడాలి. పది మీటర్లు అలా ఎక్కేసరికి పిక్కలు వణుకుతాయి. ఆ వణుకు భయం వల్ల కాదు, కండరం అలసిపోయి.

అసలు ప్రమాదం పైన. నెల్సన్ నిలబడ్డ దిమ్మె కాండం కంటే బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అక్కడ నిచ్చెన వెనక్కి వాలుతుంది, మనిషి దాని అడుగున వేలాడుతూ ఎక్కాలి. నిలువు నిచ్చెన మీద బరువంతా కాళ్లది, చేతులు ఊతానికే. వాలు తిరగ్గానే బరువు వేళ్ల మీదికి, భుజాల మీదికి వస్తుంది. కాలితో ఎంత తోస్తే నడుము అంత బయటికి పోతుంది. నడుము నిచ్చెనకు దగ్గరగా, మోచేతులు చాచి ఉంచాలని అలవాటున్నవాడికే తెలుస్తుంది. ఇక అంచు దాటే క్షణంలో ఒక చెయ్యి వదిలి పైన వెతుక్కోవాల్సిందే. అందుకే దిగే చోటికి నిచ్చెన కర్రలు ఒక మీటరు పైకి నిలవాలంటారు, చేతికి పట్టు దొరకాలని.

50 మీటర్ల నుంచి జారితే నేల తాకడానికి మూడు సెకన్ల పైచిలుకు. వేగం గంటకు 110 కిలోమీటర్లు దాటుతుంది. మెచ్చుకో మరి.

గోదారిగట్టు:
టీవీలో మొసళ్లు పట్టిన స్టీవ్ ఇర్విన్ ముందు ఇవన్నీ దిగదుడుపే.

లండన్_సీత:
ఇర్విన్ సంగతి వేరే చర్చలో మాట్లాడుకుందాం.

లైవ్‌ఫీడ్:
రాజన్నా, పాఠం బాగుంది. నోక్స్ మాత్రం అమాయకుడు కాడు. నటనలోకి రాకముందు వైమానిక దళంలో ఇంజిన్ ఫిట్టర్. 1973లో వైమానిక దళం పారాచూట్ జట్టు ఫాల్కన్స్‌తో అయిదు మైళ్ల ఎత్తు నుంచి దూకాడు. బ్రిటన్‌లో అంత ఎత్తు నుంచి ఫ్రీఫాల్ (పారాచూట్ వెంటనే విప్పకుండా పడటం) చేసిన మొదటి పౌరుడు. ఆయనకు ఎత్తంటే ఏమిటో మీరు చెప్పాలా?

పరంజా_రాజు:
ఆ ఉదాహరణ నావైపే మాట్లాడుతోంది. 25,000 అడుగుల దగ్గర చలి మైనస్ 35 డిగ్రీల దగ్గర్లో ఉంటుంది. ఆక్సిజన్ లేకపోతే మూడు నుంచి అయిదు నిమిషాల్లో బుద్ధి పనిచేయదు. కాబట్టి అక్కడ మాస్క్ ఉంది, రెండో పారాచూట్ ఉంది, దూకే ముందు పట్టీలన్నీ ఇంకొకరు తడిమి చూస్తారు. ఒకడు మరిచిపోతే ఇంకొకడు పట్టుకునేలా పని కట్టారు. అయిదు మైళ్ల ఎత్తుకు అన్ని జాగ్రత్తలు, 50 మీటర్లకు సున్నా. ఎందుకంటావ్? అక్కడ పెత్తనం సైన్యానిది, ఇక్కడ ప్రోగ్రాం వాళ్లది.

వేణు_కెమెరా:
తాడు ఎలా కడతారు అక్కడ? దాన్ని కట్టే గట్టి ఆధారం ఏదీ?

పరంజా_రాజు:
మంచి ప్రశ్న. శుభ్రం చేసే పనివాళ్లు అప్పటికే పైన ఉన్నారు. విగ్రహం చుట్టూ వేసిన పరంజాకు కట్టి పై నుంచి తాడు వదిలితే చాలు, ఒకడు పైన కూర్చుని లాగుతూ ఉంటాడు. చిక్కులు మూడున్నాయి. ఒకటి, దిమ్మె అంచు మీద తాడు రాచుకుంటుంది, అక్కడ మందపాటి గోనె వెయ్యాలి. రెండు, నైలాన్ తాడు సాగుతుంది. కొండలెక్కే రకమైతే మనిషి బరువుకే 50 మీటర్లకు నాలుగు మీటర్ల దాకా సాగుతుంది, అంటే మొదటి నాలుగైదు మీటర్లలో జారితే తాడు ఉన్నా నేల తగులుతుంది. మూడు, వంపు కింద జారితే ఊగి రాతికి కొట్టుకుంటాడు. చెయ్యి విరగొచ్చు, ప్రాణం పోదు. 1977లో ఇవన్నీ దొరికే వస్తువులే.

వేణు_కెమెరా:
తాడు ఫ్రేమ్‌లో పడితే సీన్ పోతుంది కదా. అదీ అసలు కారణం.

లైవ్‌ఫీడ్:
సీన్ కోసం కాదు! అప్పటి పనివాళ్లు అలాగే ఎక్కేవారు. వాళ్లు ఎలా ఎక్కితే తనూ అలాగే ఎక్కాడు. తాడు కట్టుకుని ఎక్కితే అది అబద్ధమయ్యేది.

పరంజా_రాజు:
పనివాడు ఇరవై ఏళ్లు ఎక్కుతాడు. వ్యాఖ్యాత ఒక్కసారి. ఇద్దరికీ ఒకే నిచ్చెన అంటే నిజాయితీ కాదు. ఇంకోటి, అప్పటికి 1974 నాటి పని భద్రతా చట్టం అమల్లో ఉంది. ఉద్యోగి కాని మనిషికి కూడా సంస్థ పనివల్ల ముప్పు రాకూడదని దాన్లో ఉంది. “ఆ రోజుల్లో రూల్స్ లేవు” అనే కామెంట్లకు ఇదే జవాబు.

కొలతల_కామయ్య:
50 మీటర్లు అని రాస్తున్నారు. విగ్రహమే అయిదున్నర మీటర్లు. ఆయన పాదాలు ఆగింది విగ్రహం కాళ్ల దగ్గర. 46 మీటర్లు అనండి.

లండన్_సీత:
ఇన్సూరెన్స్ కూడా లేదని ఆయనే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆ కోపం చాలాకాలం పోలేదు.

లైవ్‌ఫీడ్:
ఇన్సూరెన్స్ ఉంటే జారడా ఏంటి?

పరంజా_రాజు:
జారతాడు. కానీ పాలసీ ఇచ్చేవాడు ముందే “తాడు ఎక్కడ కడుతున్నారు, ఎవరు చూస్తున్నారు” అని కాగితం మీద అడుగుతాడు. ఆ కాగితం రాయాల్సి వస్తే సగం ప్రమాదాలు ఆగుతాయి. అడిగేవాడు లేకపోవడం వల్ల తొమ్మిదేళ్లకు ఏమైందో తెలుసుగా? 1986 నవంబరులో అదే బీబీసీ శనివారం కార్యక్రమం కోసం మైఖేల్ లష్ అనే ప్రేక్షకుడు 120 అడుగుల ఎత్తున క్రేన్‌కు వేలాడదీసిన పెట్టెలోంచి బంగీ తాడుతో దూకాలి. రిహార్సల్‌లో తాడు కొక్కెం రింగు బోల్టు నుంచి ఊడింది, చనిపోయాడు. షో మూసేశారు. బీబీసీకి పడిన జరిమానా 2,000 పౌండ్లు.

లాక్ లేని స్ప్రింగ్ కొక్కేనికి ఉన్న రోగమే ఇది. రింగులో మెలితిరిగితే రింగు అంచే కొక్కేన్ని మూసే నాలుకను లోపలికి నొక్కి తెరుస్తుంది. స్క్రూ లాక్ ఉన్నది వాడాలి, లేదా రెండు కొక్కేలు ఎదురెదురు ముఖాలుగా పెట్టాలి.

షెప్_అభిమాని:
అందరూ స్తంభం చుట్టూనే తిరుగుతున్నారు. ఆ కార్యక్రమంలో నోక్స్ వెంట ఉండే షెప్ అనే కుక్క సంగతి ఎవరికీ పట్టదా? 1978లో ఆయన మానేసేటప్పుడు కుక్కను ప్రకటనల్లో వాడకూడదని బీబీసీ షరతు పెట్టింది. ఆయన అలాంటి పోలికే ఉన్న వేరే కుక్కతో కుక్కల తిండి ప్రకటన చేశాడు. 1987లో షెప్ పోయినప్పుడు టీవీలో కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సంస్థకూ మనిషికీ ఎలా ఉండేదో దీన్ని బట్టే తెలుస్తుంది.

లైవ్‌ఫీడ్:
కుక్క గొడవకు, స్తంభానికి సంబంధం ఏంటండీ? అయినా మీరంతా కలిసి ఆయన్ను బాధితుణ్ణి చేసేస్తున్నారు. చచ్చిపోయాక కూడా మనిషిని నిర్ణయం తీసుకోలేని పసివాణ్ణి చేస్తారా? రాజు గారికి హార్నెస్ (తాడు తగిలించే ఒంటి పట్టీలు) తప్ప ఏమీ కనపడదు.

పరంజా_రాజు:
అవునండీ, నాకు హార్నెస్సే కనపడుతుంది. మీకు కనపడనిది చెప్తాను. మన ఊళ్లలో సర్వి కర్రల పరంజా మీద హవాయి చెప్పులతో ఎక్కే కూలీని బెల్టేదని అడిగితే మేస్త్రీ ఏమంటాడు? “ఏం, భయమా?” అంటాడు. ఆ ఒక్క మాటతో వాణ్ణి పైకి తోలతాడు. మీరు షేర్ చేసే క్లిప్ కింద “గుండె ధైర్యం” అని రాస్తే అదే మాట. ధైర్యాన్ని మెచ్చుకునేవాడు ఎప్పుడూ కిందే నిలబడతాడు.

లైవ్‌ఫీడ్:
అంటే మీ పోట్లాట నోక్స్‌తో కాదు, మీ మేస్త్రీలతో! అది ముందే చెప్పాల్సింది.

లండన్_సీత:
ఇద్దరూ ఆగండి. టీవీలో కనపడే నోక్స్ ఒక వేషమని ఆయనే చెప్పుకున్నారు. ‘ఇడియట్ నోక్స్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. బాబ్‌స్లెడ్ బోల్తా పడ్డా, ఏనుగు కాలు తొక్కినా నవ్వించేవాడు ఆ ఇడియట్ నోక్స్. అదే కార్యక్రమంలో కత్తెర పట్టుకోవాలంటే పెద్దవాళ్లను పిలవమని పిల్లలకు చెప్పేవాళ్లు. నాకు గుర్తుండాల్సింది ఆ వేషం వేసిన నటుడు. లైవ్‌ఫీడ్ గారూ, మీరు పొగిడేది వేషాన్ని. రాజు గారూ, మీరు మాట్లాడేది దాని అడుగున ఉన్న పనివాడి గురించి.

లైవ్‌ఫీడ్:
వేషం వేసింది ఆయనే, ఎక్కిన చేతులూ ఆయనవే. ఆ చేతులకు దక్కాల్సిన పేరు లాక్కోకండి, నేనడిగేది అంతే. క్లిప్ మళ్లీ పెడతాను. కింద తాడు లేదు, ఇన్సూరెన్స్ లేదు, 1974 చట్టం ఉంది అని మూడు ముక్కలూ రాస్తాను. సరేనా? “నిర్లక్ష్యం” అని మాత్రం రాయను.

పరంజా_రాజు:
ఆ మాట రాయకపోతే మిగతా మూడూ వార్త కింద తేదీ లాంటివి, ఎవరూ చదవరు. నేను షేర్ చెయ్యను.

కొలతల_కామయ్య:
రాసేటప్పుడు 46 మీటర్లు అని రాయండి.