రాత్రి పూట ఎస్టీపీ దగ్గర ఒక్క ఆపరేటర్ సరిపోతాడా?

బెళ్లందూరు కిరణ్
బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లో 214 ఫ్లాట్లు. ఎస్టీపీ, అంటే మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు, రెండో బేస్‌మెంట్‌లో ఉంది. ఇన్నాళ్లూ రాత్రి షిఫ్ట్‌కి ఒక ఆపరేటర్, ఒక హెల్పర్ ఉండేవాళ్లు. ఈ నెల కాంట్రాక్ట్ రెన్యువల్‌కి వచ్చింది. కొత్త కొటేషన్‌లో రాత్రికి ఒక్కడే. బదులుగా ఫోన్‌లో ఒక యాప్ వేస్తారట, అరగంటకోసారి బటన్ నొక్కాలి, నొక్కకపోతే సూపర్‌వైజర్‌కి అలారం పోతుంది. నెలకి 22 వేలు మిగులుతాయి. ఆదివారం మీటింగ్‌లో ఓటింగ్. నాకు మనసొప్పడం లేదు, కానీ లేచి నిలబడి ఏమని చెప్పాలో తెలియడం లేదు. మీ దగ్గర ఎలా ఉంది?

హొరమావు శేషు
మా అసోసియేషన్‌లో లెక్కలు నేనే చూస్తాను కాబట్టి చెప్తున్నాను, ఒక్కడు చాలు. ఎస్టీపీ ఆపరేటర్ పని ఏమిటి? ప్యానెల్ చూసుకోవాలి, ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్‌ని మార్చి నడపాలి, లాగ్‌బుక్ రాయాలి. ట్యాంకులోకి దిగడం అతని పని కాదు, క్లీనింగ్‌కి బయటి నుంచి మనుషులూ బండీ వస్తాయి. ఏటీఎం గార్డు ఒక్కడే ఉంటాడు, లిఫ్ట్ మెకానిక్ ఒక్కడే వస్తాడు, వాచ్‌మన్ ఒక్కడే. వాళ్లందరికీ జంట మనిషిని పెడుతున్నామా? బ్రిటన్‌లో కూడా ఒంటరిగా పనిచేయడం మీద నిషేధం లేదు, ఏ పనిలో ఎంత ప్రమాదం ఉందో యజమాని ముందే అంచనా వేసి తగ్గ ఏర్పాటు చేయాలంటారు, అంతే. ఆ ఏర్పాటే ఈ యాప్. ఏడాదికి 2,64,000 రూపాయలు చిన్న మొత్తం కాదు, ఇందులో పెన్షన్ మీద బతికే ఇళ్లు కూడా ఉంటాయి.

కడప కుర్రాడు
మా రెండో బేస్‌మెంట్‌లో ఫోన్‌కి ఒక్క గీత కూడా రాదన్నా. యాప్ ఎట్లా పనిచేస్తుంది?

హొరమావు శేషు
వైఫై రౌటర్ పెడితే సరిపోతుంది, మూడు వేలు. అది సమస్యే కాదు.

పాత ఫ్యాక్టరీ మనిషి
నేను విశాఖలో కెమికల్ ఫ్యాక్టరీలో సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు ఇక్కడ మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. శేషు గారూ, ప్యానెల్ చూసుకోవడమే అతని పని అన్నది కాగితం మీద మాట. రాత్రి జరిగేది వేరు. మనం ఫ్లష్‌లో పడేసే వెట్ వైప్స్, ప్యాడ్లు, గుడ్డ ముక్కలు అన్నీ పోయి శుద్ధి కాని మురుగుని తోడే పంపులో తిరిగే రెక్కలకి చుట్టుకుంటాయి. పంపు ట్రిప్ అవుతుంది. దాన్ని పైకి లాగాలి. పంపు జారే గైడ్ రైల్, దాన్ని లాగే చైన్ బాగుంటే బయట నిలబడే లాగొచ్చు. చాలాచోట్ల ఆ చైన్ తుప్పు పట్టి ఏనాడో తెగిపోయి ఉంటుంది. అప్పుడేం చేస్తాడు? మూత తీసి, నిచ్చెన వేసుకుని దిగుతాడు.

లోపల ఉండేది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. గాలికన్నా బరువు, అడుగున పేరుకుని ఉంటుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. 100 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్ల దాకా వచ్చిందంటే కొద్ది నిమిషాల్లో ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన పోయింది కదా గాలి బాగుందనుకుంటాడు. పైన మీటర్‌లో ఆక్సిజన్ మామూలు గాలిలో ఉన్నట్టే 20.9 శాతం చూపించినా నమ్మడానికి లేదు, కాలు పెట్టి అడుగున ఉన్న బురదని కదిలించగానే అందులో చిక్కుకున్న గ్యాస్ ఒక్కసారిగా బయటికొస్తుంది. ఊపిరాడకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అరగంటకోసారి నొక్కే బటన్ ఆ మనిషికి ఏం చేస్తుందో మీరే చెప్పండి.

2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 36వ సెక్షన్ చదవండి. గ్యాస్ ఉండే ట్యాంకులోకి మనిషిని పంపాలంటే, లోపల ప్రమాదం లేదని తెలిసినవాడు పరీక్షించి రాసివ్వాలి, లేదా దిగేవాడికి శ్వాస పరికరం ఉండాలి, నడుముకి బెల్టు, దానికి తాడు, ఆ తాడు రెండో కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో ఉండాలి అని అందులో ఉండేది. చట్టం రాసి ఇన్నేళ్లయింది, ఆ బయటి మనిషిని తీసేసి 22 వేలు మిగుల్చుకోవాలా అని మనం ఇంకా ఓటింగ్ పెట్టుకుంటున్నాం.

హొరమావు శేషు
అది ఫ్యాక్టరీల చట్టం. అపార్ట్‌మెంట్ ఫ్యాక్టరీ కాదు.

పాత ఫ్యాక్టరీ మనిషి
గ్యాస్‌కి ఆ తేడా తెలియదు బాబూ.

సుధ, హోమ్ కేర్
నేను నర్సుని. ఇళ్లకి వెళ్లి పేషెంట్లని చూస్తాను, ఎప్పుడూ ఒక్కదాన్నే. మా ఏజెన్సీ కూడా ఇలాంటి యాప్ ఇచ్చింది, ఎర్ర బటన్ ఉంటుంది. ఒక రాత్రి పేషెంట్ కొడుకు తాగొచ్చి తలుపు గడియ పెట్టాడు. నేను బాత్రూంలోకి వెళ్లి బటన్ నొక్కాను. తిరిగి ఫోన్ వచ్చింది, నిజమే. ఫోన్ చేసినమ్మాయి ముందు ఎంప్లాయీ ఐడీ అడిగింది, తర్వాత అడ్రస్ స్పెల్లింగ్ అడిగింది, ఆ తర్వాత సూపర్‌వైజర్‌కి టికెట్ పెడతానంది. నేను గొంతు తగ్గించి మాట్లాడుతుంటే గట్టిగా చెప్పండి మేడం అంటుంది. చివరికి పక్కింటి కన్నడ ఆంటీ తలుపు బాదితే బయటపడ్డాను. బటన్ నొక్కడం గురించి అందరూ మాట్లాడతారు, అవతల లేచి వచ్చేదెవరు, ఎంతసేపట్లో వస్తారు అన్నది ఎవరూ అడగరు. కిరణ్ గారూ, ఆ సూపర్‌వైజర్ రాత్రి ఎక్కడ ఉంటాడు? ఎలక్ట్రానిక్ సిటీలో పడుకుని ఉంటే బెళ్లందూరు ఎప్పటికి వస్తాడు?

బెళ్లందూరు కిరణ్
అడిగాను సుధ గారూ. ఆరు సైట్లకి ఒకే సూపర్‌వైజర్ అట. ఎక్కడుంటాడో చెప్పలేదు.

కె.ఆర్.పురం రెడ్డి
2005 డిసెంబరులో ఇదే బెంగళూరులో నైట్ షిఫ్ట్‌కి బయల్దేరిన అమ్మాయిని క్యాబ్ డ్రైవరే చంపేశాడు. ఆ తర్వాతే కదా, ఆఖర్న దిగేది ఆడపిల్ల అయితే బండిలో గార్డు ఉండాలన్న పద్ధతి గట్టిపడింది. ప్రాణం పోయాక గానీ మనకి రూలు గుర్తు రాదు.

ఫెసిలిటీ రమణ
నేను కాంట్రాక్టర్ వైపు మనిషిని, తిట్టుకోకుండా వినండి. రాత్రి హెల్పర్ అని మీరు డబ్బు కట్టేది పంతొమ్మిదేళ్ల పిల్లాడికి. ఊరి నుంచి వచ్చి పది రోజులై ఉంటుంది. గ్యాస్ మీటర్ పట్టుకోవడం రాదు. పన్నెండు దాటితే పంప్ రూమ్ పక్కన అట్ట వేసుకుని పడుకుంటాడు, వాడి తప్పు కూడా కాదు, పగలు వేరే సైట్‌లో చేసి వస్తాడు. ఆపరేటర్ లోపల పడిపోతే ఈ పిల్లాడు ఏం చేస్తాడు? అన్నా అని అరుస్తూ వాడూ దూకుతాడు. అప్పుడు రెండు శవాలు. యాప్ సంగతి కూడా నేనే చెప్తాను, ఆపరేటర్ ఫోన్‌ని గేటు దగ్గర సెక్యూరిటీకి ఇచ్చేసి నువ్వే నొక్కుతూ ఉండరా అంటాడు. కళ్లారా చూశాను.

హొరమావు శేషు
చూశారా, కాంట్రాక్టరే చెప్తున్నాడు రెండో మనిషి వల్ల ఉపయోగం లేదని. నేను మొదటి నుంచి చెప్తున్నదీ అదే.

పాత ఫ్యాక్టరీ మనిషి
ఆయన అన్నది అది కాదు. ట్రైనింగ్ లేని రెండో మనిషి వల్ల ఉపయోగం లేదన్నాడు, అది నూటికి నూరు పాళ్లు నిజం. ఇలాంటి ప్రమాదాల్లో కాపాడటానికి దిగినవాళ్లే ఒకరి వెనక ఒకరు పోతుంటారు. పైన నిలబడేవాడికి నేర్పాల్సిన మొదటి పాఠమే, ఏం జరిగినా నువ్వు దిగకు అని. ట్యాంకు మూతి మీద మూడు కాళ్ల ట్రైపాడ్ ఉండాలి, తాడు చుట్టే వించ్ ఉండాలి, దిగినవాడి ఒంటికి బెల్టుల హార్నెస్ ఉండాలి, పైనుంచి తిప్పితే మనిషి లేచి రావాలి. ఇవి లేకుండా ఇద్దరా, ఒక్కడా అని కొట్టుకోవడం దండగ.

హొరమావు శేషు
మళ్లీ ఖర్చులే చెప్తున్నారు. మీటర్, ట్రైపాడ్, హార్నెస్, ట్రైనింగ్. రెండొందల ఫ్లాట్ల వాళ్లు రిఫైనరీ నడపాలా?

బెళ్లందూరు కిరణ్
శేషు గారూ, మనుషుల చేత మురుగు ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో వచ్చిన చట్టం ఉంది, మురుగు కాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో రక్షణ లేకుండా మనిషిని దించకూడదు. నేరుగా గానీ, వేరేవాళ్ల ద్వారా గానీ పెట్టుకోకూడదని 7వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. మొదటిసారి నేరానికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగులో చనిపోతే పరిహారం 30 లక్షలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది, అంతకుముందు పది లక్షలుండేది. కాంట్రాక్టర్ మనిషి అని చేతులు దులుపుకోవడం కుదరదు.

హొరమావు శేషు
సెప్టిక్ ట్యాంక్ అన్నారు, మురుగు కాల్వ అన్నారు. ఎస్టీపీ ట్యాంక్ ఆ రెండిట్లో ఏదో చెప్పండి. చట్టంలో ఆ మాటకి అర్థం విడిగా రాసి ఉంటుంది, చదివి మాట్లాడండి. మురుగు వచ్చి చేరే ఈక్వలైజేషన్ ట్యాంక్ సెప్టిక్ ట్యాంక్ కాదు.

మారతహళ్లి వాణి
ఒక మనిషి ప్రాణం గురించి అడిగితే ట్యాంక్ పేరు దగ్గర ఆగిపోయారు. మీ అబ్బాయినైతే ఆ షిఫ్ట్‌కి ఒక్కణ్నే పంపుతారా?

హొరమావు శేషు
అమ్మా, ఆ మాట వెనక్కి తీసుకోండి. నేనేదో మనుషుల్ని చంపేవాణ్నయినట్టు మాట్లాడుతున్నారు. మా వాచ్‌మన్ కూతురికి కాలేజీ ఫీజు కట్టినవాణ్ని. ఆపరేటర్‌ని ట్యాంకులో దిగమని నేను ఏనాడూ చెప్పలేదు, మా అసోసియేషన్‌లో ఎవరూ చెప్పలేదు. చెప్పని పని అతను చేస్తే నాదా తప్పు?

మదనపల్లె మల్లి
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. ఇప్పుడు ఎలక్ట్రీషియన్‌ని, ముందు సర్జాపూర్ రోడ్డులో ఎస్టీపీ నైట్ ఆపరేటర్‌గా చేశాను. సార్ చెప్పింది నిజమే, దిగమని నాకూ ఎవరూ చెప్పలేదు. ఎలా జరుగుతుందో చెప్తాను. పంపు జామ్ అవుతుంది. శుద్ధి చేసిన నీళ్లే కదా ఫ్లష్‌కి పోయేది, పై ట్యాంకు ఖాళీ అవుతుంది. పదకొండింటికి ఒక ఫ్లాట్ నుంచి ఫోన్. పదకొండున్నరకి నాలుగు. మీ వాట్సాప్ గ్రూపులో ఎవరో నెలకి ఇంత కడుతున్నాం, ఫ్లష్‌లో నీళ్లు లేవు, ఏం చేస్తున్నారని పెడతారు. ఆ మెసేజ్‌ని మేనేజర్ ఫోటో తీసి నాకు పంపుతాడు. కింద ఒకే మాట రాస్తాడు, చూసుకో అని. దిగు అని రాయడు. పొద్దున్నే కమిటీ వాళ్లు అడుగుతారని నాకు తెలుసు, ఇంకో కంప్లైంట్ వస్తే నన్ను ఈ సైట్ నుంచి తీసేస్తారనీ తెలుసు. ముక్కుకి తడి కండువా కట్టుకుని దిగేవాణ్ని. కండువాకి గ్యాస్ ఆగదని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. పక్కన ఇంకో మనిషి ఉంటే తోడు ఉండేది, అంతవరకు మంచిదే. కానీ ఆ ఫోన్లు ఆగకపోతే ఇద్దరం కలిసి దిగేవాళ్లం.

సుధ, హోమ్ కేర్
మల్లి అన్నా, ఇది రాసినందుకు థ్యాంక్స్.

కడప కుర్రాడు
మా గ్రూపులో కూడా రాత్రి పూట అచ్చం ఇలాంటి మెసేజ్‌లే.

హొరమావు శేషు
సరే, మరి సూటిగా అడుగుతాను, సూటిగా జవాబు చెప్పండి. మా అమ్మకి 84 ఏళ్లు. రాత్రికి మూడుసార్లు లేస్తుంది. పంపు పదకొండింటికి ఆగిపోతే పొద్దున ఏడు దాకా ఫ్లష్ లేకుండా కూర్చోమంటారా? 2024 ఎండాకాలం గుర్తుందా, బోర్లు ఎండిపోయి ట్యాంకర్ దొరక్క మేం ఎస్టీపీ నీళ్ల మీదే ఫ్లష్‌లు నడిపాం. ఫోన్ చేయడం కూడా తప్పంటే ఎలా? డబ్బు కడుతున్నాం, నీళ్లు రావాలని అడుగుతున్నాం.

పాత ఫ్యాక్టరీ మనిషి
ఇప్పుడు అసలు మాట దగ్గరికి వచ్చాం. ఔను శేషు గారూ, నేను కూర్చోమనే అంటున్నాను. ఆ ఒక్క రాత్రికి బకెట్‌తో పోసుకుందాం. నా వయసు 76, మా ఇంట్లోనూ అదే ఇబ్బంది. కానీ అలాంటి రాత్రులు రాకుండా చేయొచ్చు. అదనంగా ఉంచే స్టాండ్‌బై పంపు నిజంగా పనిచేస్తుందో లేదో వారానికోసారి మార్చి నడిపి చూడాలి. గైడ్ రైల్, స్టెయిన్‌లెస్ చైన్ వేయించాలి, పంపు పైకొస్తుంది, మనిషి కిందికి పోనక్కర్లేదు. ముందు చెత్తని ఆపే బార్ స్క్రీన్ జల్లెడని రోజూ గీకాలి. పై ఫ్లష్ ట్యాంకులోకి బోరు నీళ్లు వదిలే వాల్వ్ ఒకటి పెట్టుకోవాలి. ట్యాంకు నిండిపోయేలా ఉంటే మురుగు పీల్చుకుపోయే సక్షన్ ట్యాంకర్‌ని పిలవాలి. ఇవన్నీ ఉంటే రాత్రి ఒక్కడే ఉన్నా నేను ఒప్పుకుంటాను, మూత తీయనంతవరకు.

ఫెసిలిటీ రమణ
ఇది మీ సంతకంతో కాంట్రాక్ట్‌లో రాసివ్వండి సార్, మా వాళ్లకి నేను ధైర్యంగా వద్దని చెప్తాను. ఇప్పుడు చెప్తే సైట్ పోతుంది.

మారతహళ్లి వాణి
శేషు గారూ, అబ్బాయి మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ పొద్దున దాకా ఆగగలమా లేదా అన్నదానికి మీరింకా జవాబు చెప్పలేదు.

హొరమావు శేషు
బోరు వాల్వ్ ముందు పెట్టనివ్వండి, తర్వాత చెప్తాను. వాల్వ్ లేకుండా రాత్రి ఎవరూ మూత తీయకూడదని రూలు పెడితే మా మీటింగ్‌లోనైనా, మీ మీటింగ్‌లోనైనా ముసలివాళ్లున్న ఇళ్లన్నీ వ్యతిరేకంగా ఓటేస్తాయి. నేనూ వేస్తాను, దాచుకోను.

బెళ్లందూరు కిరణ్
ఆదివారానికి ఇలా రాసుకున్నాను. ఒకటి, రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా ఏ ట్యాంకు మూతా తీయరు. రెండు, పంపు ఆగితే ఆపరేటర్‌కి కాదు, కమిటీలో ఆ వారం డ్యూటీ ఉన్న మనిషికి ఫోన్ చేయాలి. మూడు, గైడ్ రైల్, చైన్, బోరు వాల్వ్ పూర్తయ్యేదాకా రెండో మనిషిని తీయరు, అతనికి ట్రైనింగ్ ఇప్పించాలి. ఏమైనా వదిలేశానా?

మదనపల్లె మల్లి
మూతలకి తాళం వేసి, రాత్రి పూట తాళంచెవి కమిటీ మనిషి ఇంట్లో ఉంటుందని రాయండి. తాళంచెవి ఆపరేటర్ దగ్గరుంటే ఎన్ని రూల్స్ రాసినా ఫోన్ అతనికే వస్తుంది.