సంఘానికి దూరంగా ఉంటూ విశ్వాసంలో ఎదగడం సాధ్యమేనా?

బెరయ వాసి

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మా ప్రార్థన కూడికలో తెగని వాదన ఒకటి ఇక్కడ పెడుతున్నాను. ఒక సహోదరుడు ఇలా అన్నాడు: "నేను ఇంట్లోనే వాక్యం చదువుకుంటున్నాను, మోకరిస్తున్నాను, ఫోన్‌లో మంచి ప్రసంగాలు వింటున్నాను. ఆదివారం ఆరాధనకు వెళ్లిన రోజులకన్నా ఇప్పుడే ప్రభువుకు దగ్గరగా ఉన్నాను." ఇంకొకాయన వెంటనే హెబ్రీ 10:25 తీసి "సమాజముగా కూడుట మానక" అని చదివి, "నువ్వు వెనక్కి జారిపోయావు" అనేశాడు. ఆ సహోదరుడు బాగా నొచ్చుకున్నాడు.

జారిపోయావన్న మాట తొందరపాటే. అయినా అతని మాటలోనూ ఏదో వెలితి కనిపిస్తోంది నాకు. నేను అడిగేది రక్షణ గురించి కాదు. రక్షణ పొందినవాడు ముందుకు సాగడం గురించి. అది ఒంటరిగా కుదురుతుందా?

మౌన ప్రార్థన

కుదురుతుంది. పౌలు మారుమనస్సు పొందగానే యెరూషలేముకు పరుగెత్తలేదు, అరేబియాకు వెళ్లాడు (గలతీ 1:17). యోహాను పత్మాసు ద్వీపంలో పరవాసిగా ఉన్నప్పుడే అంత గొప్ప దర్శనం చూశాడు. ఐతియొపీయుడైన నపుంసకుడు బాప్తిస్మం పొంది, బాప్తిస్మమిచ్చిన ఫిలిప్పు కనబడకుండా పోయాక కూడా సంతోషంగా తన దారిన వెళ్లాడు. అతని వెంట ఏ సంఘం వెళ్లింది?

నేను సంఘం మానింది బద్ధకంతో కాదు. నమ్మి చెప్పుకున్న ప్రార్థన మనవి మరుసటి వారానికల్లా అందరి నోళ్లలో నానింది. కానుకల లెక్కలు అడిగినవాళ్లకు "నేనభిషేకించినవారిని ముట్టకూడదు" అన్న వచనం చూపించారు. ఇంట్లో బైబిలు ముందు కూర్చున్నప్పుడు నాకు భయం లేదు. అక్కడ భయం ఉండేది. భయంలో ఎవరు ఎదుగుతారు, చెప్పండి.

పాత కాపరి

అమ్మా, ముందు ఆ వచనం సంగతి. అది కీర్తన 105:15. అక్కడ దేవుడు కాపాడింది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులను. దిక్కులేకుండా దేశదేశాలు తిరుగుతున్న కుటుంబాన్ని. లెక్కలు అడిగేవాళ్ల నోరు మూయడానికి రాసిన మాట కాదది. దావీదు అభిషిక్తుడైన సౌలు రాజు మీద చెయ్యి వేయలేదు, నిజమే. కానీ అతని అన్యాయాన్ని అతని ముఖానే, జనం వింటుండగా చెప్పాడు (1 సమూయేలు 24). అంతియొకయలో పేతురు తప్పు చేస్తే పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు. పౌలు అయితే యెరూషలేములోని బీదల కోసం పోగుచేసిన చందా విషయంలో తనను ఎవరూ తప్పుపట్టకూడదని వేరే సహోదరులను కూడా వెంట పంపించాడు (2 కొరింథీ 8:18-21). లెక్క అడగడం తిరుగుబాటు కాదు. మీకు జరిగింది అన్యాయం.

ఇక ఎదుగుదల మాట. గలతీ 5లో ఆత్మఫలం ఒకసారి మళ్లీ చదవండి: ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము, దయాళుత్వము, మంచితనము, విశ్వాసము, సాత్వికము, ఆశానిగ్రహము. మనల్ని విసిగించేవాళ్లు ఎవరూ లేని గదిలో దీర్ఘశాంతం ఎలా నేర్చుకుంటాం? ఒకని నొకడు సహించుడి, క్షమించుడి, ఒకని భారముల నొకడు భరించుడి, మీ పాపములను ఒకనితో నొకడు ఒప్పుకొనుడి. కొత్త నిబంధనలో పరిశుద్ధత గురించిన ఆజ్ఞల్లో చాలా వాటికి ఇంకో మనిషి కావాలి. 4వ శతాబ్దంలో కైసరయ బిషప్పు బాసిల్, ఒంటరి సన్యాసమే గొప్పదనుకున్నవాళ్లను ఒకటే అడిగాడు: మరి నువ్వు ఎవరి పాదాలు కడుగుతావు?

ఆ ప్రశ్నకు ఇంట్లో కూర్చుని జవాబు చెప్పడం కష్టం. మీ ప్రార్థన నిజమైనదే, మీ వాక్యధ్యానం నిజమైనదే. కానీ ఆ ప్రార్థన మీలో ఏం మార్చిందో మీకు మీరుగా పూర్తిగా చూసుకోలేరు. పక్కవాళ్లు చూస్తారు.

చరిత్ర విద్యార్థి

మౌన ప్రార్థన గారు చెప్పిన ఉదాహరణలకు కొనసాగింపు కూడా ఉంది. పౌలు అరేబియా నుంచి దమస్కుకు తిరిగి వచ్చి, మూడేండ్లయిన తర్వాత కేఫాను, అంటే పేతురును, పరిచయం చేసుకోవడానికి యెరూషలేము వెళ్లి, పదునైదు దినాలు అతనితో ఉన్నాడు. యోహాను పత్మాసులో చూసిన దర్శనాన్ని ఏడు సంఘాలకు రాసి పంపాలి. దర్శనంతో పాటే ఆ ఆజ్ఞ వచ్చింది. 270 ప్రాంతంలో ఐగుప్తు అరణ్యదారి పట్టిన ఆంథోనీని ఏకాంతవాసులందరికీ తండ్రి అంటారు. 311లో హింస చెలరేగినప్పుడు ఆయన కూడా అలెగ్జాండ్రియా వచ్చి, చెరలో ఉన్న విశ్వాసులను ధైర్యపరిచాడు.

జపాను సంగతి ఇంకా ఆశ్చర్యం. 1614లో క్రైస్తవ్యాన్ని నిషేధించాక అక్కడ గురువులు లేకుండా పోయారు, బహిరంగ ఆరాధన పోయింది. 1865లో నాగసాకిలోని ఔరా దేవాలయంలో ఫాదర్ పెతిజాన్ దగ్గరికి ఉరకామి గ్రామస్థులు కొందరు వచ్చి, మా మనసూ మీ మనసూ ఒక్కటే అని చెప్పారు. రెండు వందల యాభై ఏళ్లు రహస్యంగా విశ్వాసం నిలుపుకున్నారు! అది ఒంటరి విశ్వాసుల చరిత్ర కాదు. ఊరి గుంపులో పండుగల లెక్క చూసేవాడు ఒకడు, బాప్తిస్మం ఇచ్చేవాడు ఒకడు, కబురు చేరవేసేవాడు ఒకడు ఉండేవారు. గుడి లేకపోయినా గుంపు ఉంది.

అదే దేశంలో 1901లో ఉచిమురా కాంజో "సంఘం లేని" క్రైస్తవ్యం అంటూ పత్రిక మొదలుపెట్టాడు. వ్యవస్థలు, పదవులు, మిషనరీల పెత్తనం వద్దన్నాడు. ఆయన అనుచరులు కూడా వాక్యధ్యానానికి కూడుతూనే వచ్చారు.

కొత్త అడుగు

పెద్దలందరికీ వందనాలు. నాదొక సందేహం. 2020లో మందిరాలు మూసేసినప్పుడు అందరం ఆన్‌లైన్‌లోనే ఆరాధించాం కదా. అప్పుడది సంఘం అయినప్పుడు ఇప్పుడెందుకు కాదు? మా స్నేహితుల్లో చాలామంది ఇంకా అలాగే ఉన్నారు.

బెరయ వాసి

తమ్ముడూ, అప్పుడు మనకు అంతకుమించి దారి లేదు. పౌలు కూడా చెరలో ఉండి పత్రికలు, అంటే ఉత్తరాలు, రాశాడు, ఆ పత్రికలతోనే సంఘాలు బలపడ్డాయి. కానీ 2 యోహాను 12 చూడు: రాయవలసినవి చాలా ఉన్నా "సిరాతోను కాగితముతోను వ్రాయ మనస్సులేదు", సంతోషం పరిపూర్ణం కావాలంటే వచ్చి ముఖాముఖిగా మాట్లాడాలి అంటాడు యోహాను. దూరం నుంచి వచ్చే మాటను ఆయన తక్కువ చేయలేదు. అది చాలదని మాత్రం ఆయనకు తెలుసు.

ప్రసంగం వినడానికి ఫోన్ సరిపోతుంది. నాకంటే బాగా బోధించేవాళ్లు అందులో ఎందరో ఉన్నారు. కానీ ఆ బోధకుడికి నీ పేరు తెలియదు. నువ్వు నెల రోజులు కనిపించకపోతే ఆయన గమనించడు. నీ ఇంట్లో ఎవరైనా చనిపోతే ఆయన రాడు. మంచం పట్టినవాళ్లకు, కదలలేనివాళ్లకు ఫోన్ పెద్ద మేలు. అయితే అలాంటివాళ్ల దగ్గరికి సంఘమే నడిచి వెళ్లాలి, లింకు పంపి ఊరుకోకూడదు.

మౌన ప్రార్థన

బెరయ వాసి గారూ, మీరు రాసిన ఆ చివరి మాట మీదే అడుగుతున్నాను. నేను మానేశాక నా దగ్గరికి ఎవరు నడిచి వచ్చారు? తొంబది తొమ్మిది గొఱ్ఱెలను విడిచి ఒక్కదాన్ని వెదికిన కాపరి గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో. హెబ్రీ 10:25 నాకు పంపినవాళ్లు మాత్రం ఉన్నారు. దానికి ముందున్న 24వ వచనం ఎవరూ పంపలేదు: "ప్రేమచూపుటకును సత్కార్యములు చేయుటకును ఒకని నొకడు పురికొల్పవలెనని ఆలోచింతము." ఆలోచించాల్సింది ఎవరు? లోపల ఉన్నవాళ్లు కాదా?

బాసిల్ ప్రశ్న నాకు గుచ్చుకుంది, ఒప్పుకుంటాను. కానీ గాయపడ్డవాళ్లను "నువ్వు ఎదగడం లేదు" అని కొలిచే ముందు, ఆ గాయం చేసిన సంఘం ఎదిగిందా అని కూడా అడగండి. కొరింథు సంఘం కూడుకుంటూనే ఉంది. వాళ్లను పౌలు "క్రీస్తునందు పసిబిడ్డలు" అన్నాడు. కారణం వాళ్ల మధ్య ఉన్న అసూయ, కలహం. అందరూ హాజరే. ఎదుగుదలే లేదు.

పాత కాపరి

అమ్మా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. హాజరుపట్టీ చూసి ఆత్మీయ ఎదుగుదల లెక్కకట్టే అలవాటు మనలో బలంగా ఉంది. ఎఫెసీ 4:16లో పౌలు క్షేమాభివృద్ధి సంఘమనే శరీరానికి చెప్పాడు, ఒక్క అవయవానికి కాదు. ఒక అవయవం నొప్పితో పక్కకు తప్పుకుంటే మిగతా శరీరం ఆరోగ్యంగా ఉందని ఎలా అంటాం? మీ దగ్గరికి రావలసినవాళ్లు రాలేదు. ఆ బాధ్యత వాళ్లదే.

ఒక్కటి మాత్రం ఆలోచించండి. పరిచర్య మధ్యలో విడిచి వెళ్లిపోయిన మార్కు విషయంలో పౌలు, అతని తోటి పనివాడు బర్నబాల మధ్య తీవ్రమైన వాదం వచ్చి ఇద్దరూ విడిపోయారు (అపొస్తలుల కార్యములు 15:39). పౌలు మార్కును వద్దన్నాడు. మార్కుకు అది ఎంత అవమానమో! కానీ అతను కుప్ర ద్వీపానికి వెళ్లింది ఒంటరిగా కాదు, బర్నబాతో వెళ్లాడు. పౌలు సీలతో వెళ్లాడు. కొన్నేళ్ల తర్వాత చెరలో నుంచి పౌలే రాస్తున్నాడు: మార్కును వెంటబెట్టుకొని రా, అతడు పరిచర్యకు నాకు ప్రయోజనకరమైనవాడు (2 తిమోతి 4:11). ఇద్దరిలోనూ ఏదో మారింది. మార్కును నిలబెట్టింది బర్నబా అని నా నమ్మకం. ఒక గుంపును విడిచిపెట్టడం వేరు, మనుషులనే విడిచిపెట్టడం వేరు. మిమ్మల్ని గాయపరిచిన చోటికే తిరిగి వెళ్లమని నేను అనను. మీకొక బర్నబా ఉన్నారా అని మాత్రం అడుగుతాను.

మౌన ప్రార్థన

ఉన్నారు. నాలాగే బయటికి వచ్చిన ఇద్దరు అక్కలు. కలిసి ప్రార్థించుకుంటాం. "ఇద్దరు ముగ్గురు నా నామమున ఎక్కడ కూడియుందురో అక్కడ నేను వారి మధ్యన ఉందును" అని ప్రభువే అన్నాడు కదా. అది చాలదా?

చరిత్ర విద్యార్థి

మంచి ఆరంభం అక్కా. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ తన విశ్వాసుల గుంపులైన సొసైటీలను 1742 నుంచి పన్నెండుమంది చొప్పున చిన్న తరగతులుగా విడదీసి, వారం వారం ఒకరి ఆత్మ సంగతి ఒకరు అడిగి తెలుసుకునేలా చేశాడు. పెద్ద కూడికలో దాక్కునేవాడు కూడా అక్కడ దాక్కోలేడు. మీ ముగ్గురికీ అది సాధ్యం.

అయితే ఆ వచనం ఉన్న చోటు చూడండి. మత్తయి 18లో ప్రభువు మాట్లాడుతున్నది తప్పిదం చేసిన సహోదరుణ్ణి గద్దించడం గురించి: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరు సాక్షులతో, వినకపోతే సంఘానికి. అంటే ఇద్దరు ముగ్గురికి పైన కూడా వినిపించుకునే సంఘం ఒకటి ఉండాలి. మీ ముగ్గురిలో ఇద్దరికి మనస్పర్ధ వస్తే ఎవరి దగ్గరికి వెళ్తారు? ప్రభు బల్ల ఎవరు ఇస్తారు? ముగ్గురూ ఒకే గాయంతో బయటికి వచ్చారు కాబట్టి ముగ్గురికీ ఒకే వైపు కనిపించే ప్రమాదం కూడా ఉంది. తన తోటి పనివాడు తీతును క్రేతు ద్వీపంలో విడిచివెళ్తూ, ప్రతి పట్టణంలో పెద్దలను నియమించమని పౌలు చెప్పింది ఇలాంటివాటి కోసమే. ఆ పెద్దలు దుర్లాభం ఆశించనివాళ్లై ఉండాలని కూడా అక్కడే రాశాడు (తీతు 1:7). ఈసారి సంఘాన్ని వెదికేటప్పుడు ముగ్గురూ కలిసి వెళ్లండి. లెక్కలు చూపిస్తారా అని మొదటి నెలలోనే అడగండి.